తిప్పకూడని రోజులు

నిజ్వాలో, యూనివర్సిటీ వెనక బ్లాకుకి
పొద్దున్నే అయిదింటికి తుడుపుకర్ర పట్టుకుని నేనొస్తాను.
గుమ్మం మీద అరబ్బీలో ఒకటే మాట: హాదినా.
దాని కింద ఇంగ్లీషులో ఇంక్యుబేటర్ అని.
ఆ రెండో మాట నాకు తెలుసు,
అనపర్తిలో తొమ్మిదేళ్లు దాని వేడిలోనే బతికాను.

అక్కడ ట్రేకి నూట యాభై గుడ్లు,
ముప్ఫై ఏడున్నర డిగ్రీలు,
గంటకోసారి అటూ ఇటూ వాలే అరలు.
ఏడో రోజు చీకటి గదిలో దీపమ్మీద పెట్టి చూసేవాళ్లం.
ఎర్రటి నరం కనపడితే ఉంచు,
లేదంటే బుట్టలోకి.
ఎవరూ ఏడిచేవారు కాదు. లెక్క రాసుకునేవాళ్లం.

ఇక్కడ అరలు లేవు, బల్లలు. పద్నాలుగు.
బల్లకో కుర్రాడో పిల్లో, ఒక కంపెనీ పేరు,
పద్దెనిమిది నెలల గడువు.
అద్దె లేదు. మిషన్లు యూనివర్సిటీవి.
లైసెన్సు కాగితాలు రాసిపెట్టే లాయరు మంగళవారాలొస్తాడు,
బ్యాంకాయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు.
ముసలి ప్రొఫెసరు ఖల్ఫాన్ మాత్రం రోజూ వచ్చి
ప్రతి బల్ల దగ్గరా ఒకే ప్రశ్న వేస్తాడు:
"కొనేదెవరు?"
ఆయనెళ్లాక అరగంట ఎవరూ మాట్లాడరు.
దీపమ్మీద పెట్టి చూడ్డం అంటే అదే అనుకుంటాను.

మూడో బల్ల హుమైద్ చేపల పెట్టె చేశాడు,
ఐసు లేకుండా రెండు రోజులు చల్లగా ఉంటుందన్నాడు.
ఒక రోజే ఉంది.
సూర్ నించి వచ్చిన జాలర్లు మూత తీసి, వెంటనే మూసేశారు.
బల్ల నేనే తుడిచాను. సొరుగులో
ఒక ఖర్జూరం గింజ, సగం చెరిపేసిన లెక్క.

తొమ్మిదో బల్ల జువైనా.
ఖర్జూరం మట్టల్ని నలిపి, అదిమి, పలకలు చేస్తుంది;
గోడకి కొడితే ఎండ లోపలికి రాదట.
వేడి గదిలోంచి తీస్తూనే చిట్లిపోయేవి.
నలభై ఒకటి.
చెత్త మోసింది నేను కాబట్టి ఆ లెక్క నాది.

ఒకరోజు నాకొచ్చిన అరబ్బీ ముక్కల్తో అన్నాను:
"గాలి పొడి. నీళ్లు పెట్టు."
పిల్ల పెంకు పొడిచే ఆఖరి మూడు రోజులూ
హేచర్లో తడి పెంచుతాం, లేకపోతే
లోపలి పొర ఎండి పిల్లకి అంటుకుపోతుంది.
మాటలు చాలక, ముక్కుతో పొడిచి చూపించాను.
నవ్వింది. నవ్వి, ఆ రాత్రి
నా తుడుపు బక్కెట్టే వేడి గదిలో పెట్టింది.

నలభై రెండోది చిట్లలేదు.

ఇంజనీరు దానికేదో పెద్ద పేరు పెట్టాడు.
రిపోర్టులో "సిబ్బంది ఒకరి సూచన" అని రాశారట.
జువైనా ఊరుకోలేదు,
ఆ పలక వెనక మార్కరుతో నా పేరు రాసింది.
అరబ్బీలో 'వ' లేదు. లోవకుమారి లోఫా అయింది.
పోనీలే, పాస్‌పోర్టులోనూ తప్పే.

హాదినా అంటే ఏంటమ్మా, అప్పుడడిగాను.
తన ఒళ్లో చెయ్యి పెట్టుకుని చూపించింది.
"హిద్న్. ఇది."
ఒడి.
మేం పొదగడం అంటాం,
గుడ్డుకీ అదే మాట, ముక్కుపుడకలో రాయికీ అదే మాట.
ఎలా చెప్పాలో తెలీక టీ పోశాను.

మొదటి ఆర్డరు బహ్లాలో ఒక స్కూలు, రెండొందల పలకలు.
ఇక ఆ బల్ల దగ్గర ఖల్ఫాన్ ఆగడం మానేశాడు.
"సార్, ఈ ధర గిట్టుతుందా?" అని పిల్ల లేచి అడిగితే
వినపడనట్టు వెళ్లిపోయాడు.
నాకు ఒళ్లు మండింది. తుడుస్తూ తుడుస్తూ సగం వరండాలో గుర్తొచ్చింది:
పద్దెనిమిదో రోజు దాటాక గుడ్డుని తిప్పకూడదు.
జాలేసి పెంకు మనం ఒలిచిన పిల్ల
కాళ్ల మీద నిలబడ్డం నేను చూళ్లేదు.

గురువారం పికప్ వచ్చింది. షెడ్డు దొరికిందట, ఊరవతల.
బల్ల మీద మట్టల పొడికి మూడు బక్కెట్ల నీళ్లు పట్టాయి.

ఆదివారం కొత్త కుర్రాడు, ఎండు నిమ్మకాయల సంచితో.
బల్ల ఊగుతోందన్నాడు.
చిట్లిన పలక ముక్క ఒకటి నా దగ్గరుంది,
కాలి కింద దూర్చాను.