కొసరుకు గడి లేదు

మొదటి పాఠంలో వసోంగా సారు
బోర్డు మీద ఒక గుండ్రం గీసి
"లోపల మన వ్యవస్థ, బయట లోకం" అన్నాడు.
చుట్టూ చతురస్రాలు, వాటి నుంచి బాణాలు.
బాణానికి పేరు పెట్టకపోతే
సగం మార్కులు పోతాయి.

కిసుమూలో వాన కురిసే ముందు
సరస్సు గాలి క్లాసులోకి నాచువాసన మోసుకొస్తుంది.
కిటికీ పక్కన కూర్చునేది నేను.
ఈ వాసన ఏ బాణం మీదుగా వచ్చిందని
అడగబోయి ఊరుకున్నాను.

నాకూ చెబెట్‌కీ ప్రాజెక్టుగా పడింది
డుంగా రేవులో ఒమేనా అమ్మే ఆడవాళ్ల సంఘం.
ఒమేనా చిటికెన వేలంత చేప.
పాత వల మీద ఎండబోస్తే
ఎవరో చిల్లర ఒలకబోసి
ఏరుకోవడం మరిచిపోయినట్టుంటుంది.

ఇరవై మూడు ప్రశ్నలు టైపు చేసుకుని వెళ్లాం.
ఒకటి: ప్రస్తుత వ్యవస్థలో మీకున్న ఇబ్బందులేమిటి?
నెరియా మా బూట్ల వంక చూసి
"బురదలో నించున్నారు, ఇటు జరగండి" అంది.
చెబెట్ అదీ రాసుకుంది.

గొరొగొరో డబ్బా ఒక్కటే ఆవిడ యంత్రం.
అంచుదాకా నింపుతుంది,
అరచేత్తో చదును చేసి సంచిలో పోస్తుంది,
ఆపైన ఇంకో పిడికెడు.

"అదేంటి?"
"కొసరు."
"ఎంత?"
"పిడికెడు."
"ఎవరి పిడికెడు?"
ఆవిడ నవ్వలేదు.
"నాది."

మూడు రోజులు పక్కనే కూర్చుని లెక్కపెట్టాం.
బడి పంతులమ్మకి పిడికెడు.
గీచి గీచి బేరమాడినవాడికి సగం, అదీ వేళ్ల సందుల్లోంచి.
పోయిన నెలలో పిల్లాణ్ణి పూడ్చుకున్న అడొంగోకి
మూడు పిడికిళ్లు.
ఆమె డబ్బు పంపబోతే
ఫోనుకి సిగ్నల్ లేదంది నెరియా.
నా ఫోనులో నాలుగు గీతలున్నాయి.

హాస్టల్లో కరెంటు పోయాక
కొవ్వొత్తి కింద బొమ్మ గీశాం.
కొన్నది, ఎండినది, అమ్మినది.
నిల్వ తేలలేదు.
"తరుగు అని రాసేద్దాం," అంది చెబెట్,
"కొంగలు తిన్నాయందాం."
కొంగలకి చతురస్రం గీసి
నవ్వి నవ్వి, చెరిపేశాం.

వసోంగా సారు ఎర్ర పెన్ను
మూడో గుండ్రం దగ్గర ఆగింది.
"లోపలికొచ్చి బయటికి పోనిదాన్ని కృష్ణబిలం అంటాం.
ఏమీ రాకుండా ఇచ్చేస్తూ పోయేదాన్ని
అద్భుతం అంటాం.
ఇది అద్భుతం.
అద్భుతం తప్పు."
ఆరు మార్కులు తీసేశాడు.
ఆయన్నేమీ అనలేం,
చివరికి మా బొమ్మలో బాణం లేని మాట నిజమే.

మే నెలలో సంఘం సంతకం కోసం మళ్లీ వెళ్లాం.
గుడ్లు పెట్టే కాలమని వేట నిలిపేశారు.
వలలు చుట్టేసి ఉన్నాయి, రేవంతా ఖాళీ.
నెరియా డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది.
బొమ్మ చేతికిస్తే చాలాసేపు చూసింది.
"నేనెక్కడ?"
"రెండో గుండ్రం."
"సరస్సెక్కడ?"
"అది బయట. దాన్ని మనం మార్చలేం, అందుకని."
"మార్చలేమా," అంది, నీళ్ల వైపు చూస్తూ.
ఇంకేమీ అనలేదు.

అప్పుడొచ్చింది బడి పంతులమ్మ
నెత్తిన మొక్కజొన్న పిండి మూటతో.
నెరియా లేచి డబ్బా తిరగేసింది.
పంతులమ్మ అంచుదాకా నింపి
చేత్తో చదును చేసి
నెరియా సంచిలో పోసింది,
ఆపైన ఇంకో పిడికెడు.

చెబెట్ నా వైపు చూసింది.
బొమ్మ ఎప్పుడో ఇచ్చేశాం, మార్కులూ వచ్చేశాయి.
నాలుగు నెలల పొడుగున్న బాణం
ఏ కాగితం మీద పడుతుంది?

పెన్ను వద్దని
నెరియా బొటనవేలు సిరాలో ముంచి నొక్కింది.
వేలికి పిండి ఉంది.
సగం నీలం, సగం తెలుపు,
సంతకానికని మేం గీసిన గడి దాటి
పక్కన పడింది ముద్ర.