మొదటి రెండు చుక్కల దాకా

గవర్నరుపేటలో మెట్ల కింద గది.
ఫ్యాను తిరుగుతుంది గానీ గాలంతా ప్రింటరుకే.
తెర మీద నూట పన్నెండో పేజీ
మొత్తం నల్లబడి కూర్చుంది.

నేను అడిగింది చిన్న పని.
పేరా మొదలు నుంచి రెండు చుక్కల దాకా
ఉన్న మాటని బోల్డు చెయ్యమన్నాను.
మాట, రెండు చుక్కలు, అర్థం.
అంతే కదా నిఘంటువంటే.

గెడ: పడవని తోసే వెదురు. సరంగు అన్నాడు: గెడ వెయ్యరా.

ఇందులో గెడ ఒక్కటే నల్లబడాలి.
వెదురు నల్లబడింది, పడవ నల్లబడింది,
సరంగు కూడా నల్లబడ్డాడు.

ఈ మాటలన్నీ దోనేపూడి ఏసుపాదానివి.
ముప్పై నాలుగేళ్లు బందరు కాలువ మీద లస్కరు.
నాలుగు లెడ్జర్లు గోనెసంచిలో తెచ్చాడు.
రోజూ పదింటికొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు,
టీ ఇస్తే వద్దంటాడు,
కళ్లజోడు తుడిచిందే తుడుస్తాడు.

"ఎక్కడ ఆగమన్నావమ్మా దాన్ని?"
"రెండు చుక్కల దగ్గర."
"ఏ రెండు చుక్కల దగ్గర?"

నోరు మూసుకున్నాను.
చుక్క, పక్కన కూడిక గుర్తు:
ఏ అక్షరమైనా, ఎన్నైనా అని రాసింది నేనే.
ఎన్నైనా అంటే దానికి ఆకలి.
మొదటి చుక్కలు కనపడ్డా ఆగదు,
పేరాలో ఆఖరి చుక్కల దాకా మింగుతుంది.

"తలుపెత్తి దించకపోతే
నీళ్లు మొదటి తూము దగ్గర ఆగుతాయా?
శివారు దాకా పోతాయి" అన్నాడు.

కూడిక పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను.
ఎన్నైనా సరే, ఎంత తక్కువైతే అంత.
తెర రెప్ప వేసి తీసింది.
మూడొందల పేజీల్లో అర్థాలన్నీ సన్నబడ్డాయి.
ఆయన నవ్వలేదు.
"ఆఁ, దిగింది."

పూర్తిగా దిగలేదు.
పదిహేడు మాటలు సన్నగానే మిగిలాయి,
పిలిస్తే పలకని పిల్లల్లా.
వాటికీ రెండు చుక్కలున్నాయి,
కంటితో చూస్తున్నాను కదా!
ఈలోగా కరెంటు పోయింది.
ఇన్వర్టరు మీద ఫ్యాను కట్టేసి, చెమట తుడుచుకుంటూ
నాలుగొందల శాతం పెద్దది చేసి చూస్తే
చుక్కలు కావవి, సున్నాలు.
చిన్న చిన్న సున్నాలు.

విసర్గ.

టైపు చేసిన ఖైరున్నీసా పరీక్షలకని మానేసింది.
చేతికందిన మీట కొట్టేసినట్టుంది,
ఆగాల్సిన పదిహేడు చోట్ల
ఊపిరి వదిలి వెళ్లిపోయింది.

"అన్నీ మార్చెయ్యమ్మా, ఒక్క దెబ్బకి."
"మారిస్తే దుఃఖం రెండు ముక్కలవుతుందండీ."
ఆయన కాసేపు నా మొహం చూశాడు.
దుఃఖం అనే మాట ఆ పుస్తకంలో తొమ్మిది చోట్లుంది,
అన్నీ వరదల పేజీల్లోనే.
అందుకని, వెనక ఖాళీ ఉన్న విసర్గల్నే మార్చాను.
పదహారు మాటలు పలికాయి.

పదిహేడోది సాలెమ్మ రేవు.
అక్కడ విసర్గ అయినా మిగల్లేదు, తుడిపేసిన జాడ తప్ప.
అర్థం లేదు. లెడ్జరులోనూ
ఆ మాట కింద సగం పేజీ ఖాళీ.

"ఇది?"
"రాస్తాను."
"రేపు ప్లేట్లకి వెళ్లిపోతుందండీ."
కళ్లజోడు తీశాడు. ఈసారి తుడవలేదు.
"అయితే అలాగే ఉంచు."

నా సూత్రానికి అది అందదు.
ఆగమనడానికి చోటు లేదు.
మౌసుతో పట్టుకుని, చేత్తో బోల్డు చేశాను.
అలా చెయ్యకూడదు.
పని నేర్చుకోవడానికొచ్చే పిల్లల్ని నేను తిట్టేది దీనికే.

స్టైలు పేరు పక్కన చిన్న కూడిక గుర్తు లేచింది.
ఇక్కడెవరో చెయ్యి పెట్టారని
చాడీ చెప్పే గుర్తు.

చెరపలేదు.
సేవ్ చేసి,
సంచి మూతి కట్టడానికి ఆయనకి సుతిలి తాడు వెతికిచ్చాను.