సోమవారానికి టికెట్టు

ఫలెఓలో నుంచి పాగో పాగో
నూటయాభై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ.
గాలి మాట వింటే ముప్పావు గంట.
మంగళవారం తొమ్మిదింటికి ఎక్కినవాళ్లు
సోమవారం పదికి ముందే దిగుతారు.
కొత్తవాళ్లకు రోజుకు రెండుసార్లు ఇదే చెప్తాను,
మూడోసారి నాకే నమ్మబుద్ధి కాదు.

మాది చిన్న విమానం.
సామానుతో పాటు మనిషినీ తూస్తాం.
అంకె పైకి చదవం, చీటీ మీద రాస్తాం.
బరువైనవాళ్లు రెక్కల దగ్గర,
పిల్లలు తోక వైపు.
ఇంతకు మించి ఈ ఉద్యోగంలో రహస్యాల్లేవు.

ఇవాళ సోసే వచ్చింది, సవాయీ దీవి నుంచి,
తెల్లవారుజాము పడవ దిగి.
కొబ్బరాకు బుట్టలో చేమదుంపలు.
చంకలో చుట్టిన సన్నచాప,
ఎవరి పెళ్లికో అనుకున్నాను.
మూడు తరాల ఆడవాళ్లు నేసినదట,
తూకంలో మాత్రం రెండు కిలోలు.

తూకం మీద నిలబడే అడిగింది:
"నిన్న మా చెల్లి అతెలియానాకీ నాకూ
ఫోన్లో మాటామాటా పెరిగింది.
నువ్వేమో నిన్నటికి దింపుతానంటున్నావు.
అది జరగకముందే చేరతానా?"

వెనక వరుసలో ట్యూనా ఫ్యాక్టరీ కుర్రాళ్లు
కిసుక్కుమన్నారు.
నాకు నవ్వు రాలేదు.
పుట్టినరోజు రెండుసార్లు చేసుకున్నవాణ్ణి చూశాను,
అప్పు గడువుకి ఒక రోజు అరువు తెచ్చుకున్నవాణ్ణీ చూశాను.
రెండువేల పదకొండు డిసెంబరులో మా దేశం మొత్తం
గురువారం పడుకుని శనివారం లేచింది.
ఆ మధ్య శుక్రవారం ఎవరు తిన్నారని
మా తాత పెసమీనో పోయేదాకా ఆరా తీశాడు.

చీటీ వెనక్కి తిప్పి గీసి చూపించాను.
ఇక్కడ సోమవారం ఒంటిగంట అంటే
అక్కడ ఆదివారం ఒంటిగంట.
మీరు దిగేసరికి అక్కడ సోమవారం,
వాళ్లకూ ఆ గొడవ నిన్నటిదే.
సముద్రం దాటినా నిన్న నిన్నే, అమ్మా,
మా విమానం మార్చేది వారం పేరొక్కటే.

ఆమె అక్కడిదాకా వినలేదు.
"ఆదివారమా?" అంది.
వేళ్లు మడిచింది, విప్పింది.
"ఆదివారం ఒంటిగంటా?"

చర్చి వదిలిన వేళ.
తెల్లబట్టలు మార్చకుండానే అందరూ బల్ల చుట్టూ.
వేడిరాళ్ల మీంచి అప్పుడే తీసిన పంది, సీమపనస,
మొదటి పళ్లెం పాస్టరు గారికి.
మధ్యలో ఫోను, అందరికీ వినపడేలా.
అక్క ఏదో దీవెన పలుకుతుందనుకుని ఉంటుంది.
అక్క అడిగింది,
పైకప్పు రేకులకు పంపుతానన్న డబ్బేదని,
ఇచ్చిన మాట మింగేయడం నీకు ఎప్పటినుంచి అలవాటని.

"నాకది సోమవారం," అంది సోసే, నెమ్మదిగా,
"బట్టలు ఉతుకుతూ చేశాను."

ముల్లు కుదురుకునేదాకా ఎవరం మాట్లాడలేదు.
దిగి, బుట్ట నాకిచ్చింది.
చాప మాత్రం ఇవ్వలేదు,
ఒళ్లో పెట్టుకుంటానంది.
మా దీవుల్లో తప్పు చేసినవాళ్లు
సన్నచాప తలమీంచి కప్పుకుని
ఎదుటివారి గుమ్మం ముందు కూర్చుంటారు,
ఎండయినా, వానయినా.

ఎనిమిదో సీటు, రెక్క పక్కన.
ప్రయాణ సమయం: నలభై ఐదు నిమిషాలు.
తిరుగు టికెట్టు ఏ రోజుకని అడిగాను.
"అది వచ్చి చాప ఎత్తే రోజుకి," అంది.

ఆ గడి ఖాళీగా వదిలేసి
తర్వాతి కుర్రాణ్ణి తూకం ఎక్కమన్నాను.