లోపలి నుంచి తెరుచుకోదు

సోహార్ రేవు, రెండో షెడ్డు, మేడ మీది గది.
ఏసీ గొంతు బొంగురుపోయి మూడు రోజులాయె.
నా ముందట అరవై రెండు కాగితాలు,
ఒక్కోటి ఒక్కో పనిముట్టు గురించి.
చేతికి దొరికేవి కావు, కంటికి ఆనేవి కావు.
రాత్రి మేం పండుకున్నాక ఏజెంట్ వాటిని పిలుస్తది:
కంటైనర్ విడిపించు, గది చల్లబరుచు, లారీకి కబురంపు.
రేవు ఎట్ల నడుస్తదో మాకు తెలుసు.
దానికి తెలిసింది ఈ కాగితమే.

ఐదుకు ఎన్నో మార్కులేయమన్నది బస్మా మేడం.
"ఇంగ్లీషు చూడకు జలంధర్,
ఇది చదివినోడు రేపు పొద్దుగాల
ఏం చేస్తడో చూడు."

మొదటిది, 'కంటైనర్ విడుదల'.
కింద ఒక్కటే వాక్యం: 'కంటైనర్‌ను విడుదల చేయును.'
హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న.
ఎవరికి? జవాబు ఆలస్యమైతే
మళ్ళా పిలవాల్నా, ఆగాల్నా?
పోయిన నెల జవాబు రాలేదని ఏజెంట్ మూడుసార్లు పిలిచింది.
ఒక్క ఉల్లిగడ్డల పెట్టెకు
తెల్లారేసరికి గేటు కాడ మూడు లారీలు.
డ్రైవర్లు ముగ్గురూ పెషావరోళ్ళే,
ఒకల మొఖం ఒకలు చూసుకొని నవ్వి
పరాఠాలు పంచుకొని తిన్నరు.
తప్పు ఏజెంట్‌దని రిపోర్టుల రాసిన్రు.
నేను ఒకటి వేసిన. కాగితానికి.

తర్వాతది పెండ్లికి తయారైనట్టున్నది.
రంగురంగుల గీతలు, 'అత్యాధునిక', 'సమగ్ర'.
ఉష్ణోగ్రత: ఒక అంకె ఇవ్వండి.
ఏ కొలతల?
ముప్పై నాలుగంటే ఒక లెక్కన చేప పండుకునే మంచు,
ఇంకో లెక్కన ఈ రేవు మీద మిట్టమధ్యాహ్నం.
రెండు వేసిన, అదీ గీతల మొఖం చూసి.

వచ్చిన కొత్తల కోల్డు రూముల పని నాది.
తలుపు మీద బోర్డు, అరబ్బీ ఒక వరస, ఇంగ్లీషు ఒక వరస:
'తలుపు మూసి ఉంచవలెను.'
కూడబలుక్కొని చదివిన. లోపలికి పోయి మూసిన.
లోపలి నుంచి తెరుచుకోదని
ఎవ్వడూ రాయలే.
ఇరవై నిమిషాలు.
సురమై చేపల నడుమ, రెప్పల మీద తెల్లగ పేరుకుంటుంటే
కోరుట్ల నుంచి ఆర్మూరు దాంక బస్సాగే ఊర్లన్నీ
పైకే అప్పజెప్పిన, రెండుసార్లు.
రొడెల్ అనే ఫిలిప్పీనోడు లైటర్ మరిచి తిరిగి రాకుంటే
ఈ కాగితాలు ఇంకెవలన్న దిద్దుతుండిరి.
బోర్డు అబద్ధం చెప్పలే.
కోపం ఎవరి మీద పెట్టుకోవాల్నో
ఇప్పటికీ సమజ్ కాదు.

ఏజెంట్ తప్పు చేసిందని ఎవరన్నా అంటే
ముందుగాల రెప్పలు సల్లబడతయి.
దానికి చలి లేదు, జీతం లేదు, నాకెరుకే.
అయినా రాసింది నమ్మి తలుపు మూసుకునేటోడు
ఎక్కడో చూసినట్టే ఉంటడు.

రాత్రి పదకొండుకు నలభై ఏడో కాగితం.
'తూకం అడుగు'. లారీల కాంటా.
వంకర ఇంగ్లీషు, అక్షరాలు తారుమారు.
'కిలోలల్ల చెప్తది. టన్నులు అనుకోకు.
వానపడ్డ రోజు నలభై కిలోలు ఎక్కువ చెప్తది, నమ్మకు,
గంట ఆగి అడుగు. ఎన్నిసార్లడిగినా నష్టం లేదు.
సున్న వస్తే లారీ లేదనుకోకు, కాంటా పండుకున్నది.
అప్పుడు నువ్వేం చెయ్యకు. ఖల్ఫాన్‌ను లేపు.'
కింద ఫోన్ నంబరు.

రాసినోడెవడో, ఆ కాంటా కాడ ఏం పోగొట్టుకున్నడో.

కోల్డు రూము తలుపుకు లోపలి దిక్కు
ఎర్ర పిడి పెట్టి తొమ్మిదేండ్లాయె.
అటు పోయినప్పుడల్లా ఒక్కసారి లాగి చూస్త.

ఐదు వేసిన.
అక్షర దోషాలకు ఒకటి తీద్దామని పెన్ను ఆనించి,
ఆగి,
ఆ నంబరుకు ఫోన్ కలిపిన.
రెండో రింగుకే ఎత్తిండు.
నిద్ర గొంతు:
"కాంటా పండుకున్నదా?"