చందా రసీదు

రైలుపట్టా కోసిన ముక్క మా బడి గంట.
పెరంబూరు వర్క్‌షాపు వాళ్లెవరో కోసిచ్చారట,
నేను పనిలో చేరేసరికే వరండా దూలానికి వేలాడుతోంది.
ఇరవయ్యారేళ్లు దాన్ని కొట్టినవాణ్ణి.
పెంచలరత్నం టీచర్ గురించి ఎవరన్నా అడిగితే
నాకు ముందు చప్పుడే గుర్తొస్తుంది,
తర్వాత మనిషి.

వచ్చిన కొత్తలో మూడో తరగతికి తెలుగు చెప్పేది.
కొరుక్కుపేట పిల్లలు, పులియంతోపు పిల్లలు,
ఇంట్లో సగం తెలుగు, వీధిలో నిండా అరవం.
'బోజనం' అన్నవాడికి బుగ్గమీద చిటిక,
'భోజనం' అన్నవాడికి కడలమిఠాయి.
మిఠాయి కోసం క్లాసంతా పొట్టలోంచి ఒత్తేది
ఆ ఒక్క అక్షరాన్ని.

కోదండపాణి సారుకి ఏడు నెలలు జీతం ఆగినప్పుడు
కరస్పాండెంటు గదిలో ఏమందో తెలీదు గానీ
బయటికొచ్చి నన్ను స్టూలు అడిగింది.
బస్సులో నేనే మోసుకెళ్లా దాన్ని,
కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు.
ఆఫీసు మెట్ల పక్కన నాలుగు రోజులు దానిమీదే,
ఒళ్లో అరపరీక్ష పేపర్లు, చేతిలో ఎర్రపెన్ను.
"ధర్నానా అమ్మా, దిద్దుబాటా?" అన్నాడు ఆఫీసరు.
"రెండూనండి. ఏది ముందు ముగియాలో మీరే చెప్పండి."
అయిదోరోజు జీతం వచ్చింది.
పేపర్లు ఇంకా పద్దెనిమిది మిగిలాయి.

ఆ ఏడే సంఘానికి కార్యదర్శిని చేశారు.

సమ్మె రోజుల్లోనూ గంట కొట్టించేది,
ఒక్కసారే, పన్నెండున్నరకి.
వంటమ్మ సంఘంలో లేదు,
పిల్లల ఆకలి అసలే లేదు.
గేటు ముందు నినాదం సగంలో ఆపి
టీచర్లంతా పక్కకి జరిగేవాళ్లు,
కంచాలు చప్పుడు చేసుకుంటూ పిల్లలు లోపలికి పోయేదాకా.
"ఇదేం సమ్మె?" అని సొంతవాళ్లే తిట్టారు.
"గొంతులకి విశ్రాంతి" అనేది, నీళ్లు తాగుతూ.

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఎక్కాక వచ్చింది అసలు సమ్మె.
రాని వాళ్ల పేర్లు సాయంత్రంలోగా పంపాలని తాఖీదు.
ఎర్రపెన్ను పక్కన పెట్టి నన్ను నీలంది అడిగింది.
జాబితాలో మొదట తన పేరు రాసుకుంది.
అందరూ చెప్పేది అక్కడికే ఆగిపోతుంది.
నేను కాగితం మీద కార్బన్ పట్టుకుని నిలబడ్డా కాబట్టి
తర్వాతది కూడా చూశా:
తన పేరు కింద పదకొండు పేర్లూ రాసింది,
ఒక్కటీ వదల్లేదు, గుండ్రటి దస్తూరీ చెదరలేదు.
సుగుణకుమారి టీచర్‌కి ఆ ఏడు ఇంక్రిమెంటు పోయింది.
ఇవాళ్టికీ మార్కెట్లో ఎదురైతే
బెండకాయలు ఏరుతున్నట్టు తల వంచేస్తుంది.
ఎవరిది తప్పో నన్నడగొద్దు.

నా సంగతీ చెప్పాలిగా.
ఆమె గెలిచిన ఏ జీవోలోనూ నేను లేను.
పందొమ్మిదో ఏట, బీరువా తాళాలిస్తూ అడిగా.
"సంఘం టీచర్లది కదయ్యా" అంది.
తల ఎత్తలేదు.
ఆ మధ్యాహ్నం గంట మూడు నిమిషాలు ఆలస్యంగా కొట్టా,
కావాలనే.
ఆమెకి తెలుసు. ఏమీ అనలేదు.

రిటైరయ్యే నెలలో చివరి సభ.
అటెండర్లూ వంటవాళ్లూ సభ్యులు కావచ్చని
ఆమె పెట్టిన తీర్మానం
నాలుగు ఓట్లతో ఓడిపోయింది.
ఆ సభకి కుర్చీలు వేసింది నేనే, తీసిందీ నేనే.

చీకటి పడ్డాక గదిలోకి పిలిచింది.
చందా పుస్తకం తెరిచి, కార్బన్ సర్ది,
"ఇది చెల్లదు" అంది, "అయినా రాస్తా.
ఇంటిపేరు?"
ఇన్నేళ్లలో అది అడగడం మొదటిసారి.
నాకూ చప్పున నోటికి రాలేదు.
మోడుబోయిన అన్నా.
"బో-కి దీర్ఘమేనా?" అని మళ్లీ చెప్పించుకుని
ఎర్రపెన్నుతో రాసింది.

జేబులో ఉన్నదంతా చిల్లర.
పది రూపాయలు బల్లమీద పోశా.
లెక్కపెట్టుకునే తీసుకుంది.