ఎనభై నాలుగు గళ్ళు

గ్రాఫు కాగితం మీద
ఎనభై నాలుగు గళ్ళు లెక్కపెట్టి గీత గీసినాను.
ఇంతే నా జాగా.
గ్రీంస్‌పేటలో ఇంటిస్థలం కొనేవాళ్ళు గూడా
ఇన్నిసార్లు కొలిచి ఉండరు.

మొదట కరెంటు.
మోటార్లు చుట్టేదాన్ని, ఇది నాకెవరూ చెప్పక్కర్లేదు.
ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు,
ఏ మాడ్యూలు ఎన్ని మిల్లీయాంపులు తాగుతుందో
పెన్సిలుతో కూడి, మూడోవంతు మిగిలించినాను.
అంచుదాకా నింపిన బిందె
మెట్లెక్కేలోపల సగమవుతుంది.

ఆ పక్కన ఆసిలేటరు. ఒకటే.
రెండు కావాలనే ఉండాది.
రెండు గొంతులు వెంట్రుకవాసి తేడాగా పలికితే
మధ్యలో మూడోది ఊగుతుందే, అది కావాల.
బంగారుపాళెం గుజ్జు ఫ్యాక్టరీలో
రెండు కంప్రెసర్లు పక్కపక్కన తిరిగేటప్పుడు
రిపేరుకని పోయి, స్పానరు చేతిలో పట్టుకుని
ఆ ఊగేది వింటా నిలబడిపోయినాను.
"ఏం మా, ఫాల్టు దొరికిందా?" అన్నాడు సూపర్‌వైజరు.
దొరికిందన్నాను.

ఫిల్టరు ఆడికృత్తిక దాటినాక,
ధనభాగ్యమక్క చీటీ నా పాటకొస్తే.
దాని తర్వాత వీసీఏ.
తలుపు తీసేదీ మూసేదీ, అంతే దాని పని.
అది లేకపోతే శబ్దానికి నిద్రుండదు,
మా పక్కింటి బోరు మాదిరి
రాత్రంతా మూలుగుతానే ఉంటుంది.

ఎల్ఎఫ్ఓ ఇప్పుడే వద్దు.
పన్నెండేండ్లు చేత్తో కాయిలు చుట్టినదాన్ని,
నిదానంగా తిప్పడం వచ్చు.

సీక్వెన్సరు కొట్టేసినాను.
మళ్ళీ రాసినాను. మళ్ళీ కొట్టేసినాను.
అక్కడ కాగితం చిరిగింది.

పెట్టె చేయమని పోతే
ఖాదర్‌వలీ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి
"హార్మోనియమా?" అన్నాడు.
కాదు.
"మరి ఎట్ల వాయిస్తారు?"
ఒక తీగ యాడో తీసి ఇంకాడ గుచ్చాల.
"తప్పుగా గుచ్చితే?"
అదీ ఒక శబ్దమే.
"కాలిపోదా?"
వెనకాల కరెంటు రిబ్బను తిరగేస్తే కాలుతుంది.
ముందరపక్క ఏం చేసినా కాలదు.

అన్నాక గానీ తెలవలేదు,
పన్నెండేండ్లలో ఏ వైరును గురించీ
ఈ మాట నేను అనలేదని.

ఇరవై గళ్ళు ఖాళీగా మిగిలినాయి.
బల్లులు దూరతాయి, రేకు మూత వేస్తానన్నాడు.
సరే అన్నాను.
స్క్రూలు మాత్రం
గట్టిగా బిగించొద్దని చెప్పినాను.