గాలి పేరెత్తకుండా

నా పని పడవలో కూర్చోవడం.
ఫారో దీవుల్లో, కొండకీ సముద్రానికీ నడుమ
దుప్పటి ముక్కంత మైదానం మాది.
దాని కింద రాళ్ళు, రాళ్ళ కింద నేను,
పొడుగాటి కర్రకి కట్టిన వల.
బంతి నీళ్ళలో పడితే తీసివ్వాలి.
మ్యాచ్‌కి రెండు వందల క్రోన్లు, ఒక ఫ్లాస్కు కాఫీ.

ఇక్కణ్నుంచి ఆట కనపడదు.
వినపడుతుంది, అదీ గాలి ఇటు తిరిగితే:
సగం విజిలు, సగం పేరు,
ఎవరి తల్లో అరిచిన అరుపులో చివరి అక్షరం.
మిగతాది బంతులే చెబుతాయి.

పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల జట్టు.
మొదటి ఏడాది ప్రతి ఆటకీ
పదీ పన్నెండు బంతులు నా మీదికొచ్చేవి,
భయపడి తన్నినవి, ఏడుస్తూ తన్నినవి,
ఎటైనా పో అని తన్నినవి.
తొమ్మిది సున్నా. పదకొండు సున్నా.
ఓసారి సగం ఆటకే ఎనిమిది.
అయిపోయాక మెట్ల మీంచి ఒకటే మాట దిగొచ్చేది:
గాలి.
గాలి లేకపోతేనా!
రెండో సగంలో గాలి మనకి ఎదురు.
మొదటి సగంలోనూ ఎదురే అనేవాళ్ళు.

కోచ్ సోల్‌బ్యోర్ చేపల ఫ్యాక్టరీలో ముళ్ళు తీస్తుంది.
ఒక సోమవారం బోర్డు మీద రాసింది:
గాలి పేరెత్తిన వాళ్ళు
ఆ వారం అందరి మేజోళ్ళూ ఉతకాలి.

మొదటి వారం ఉతికింది బైంతా.
రెండో వారమూ బైంతానే.
మూడో వారం కోచే నోరు జారి
పదిహేను జతలు ఉతికింది.
పిల్లలు ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళి చాటింపు వేశారు.

ఆ తర్వాత, ఎలాగని నన్నడక్కండి,
బంతులు తగ్గాయి.
నేల మీదే పాసులిస్తున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు.
నాకు కాఫీ వేడిగా తాగే తీరిక దొరికింది.
ఓడిపోతూనే ఉన్నారు.
నాలుగు ఒకటి. మూడు రెండు.

సెప్టెంబరులో ఆఖరి ఆట.
నా పడవే నిలవడం లేదు ఆ రోజు.
చివరి నిమిషంలో మనకి పెనాల్టీ.
అంత గాలిలో మచ్చ మీద బంతి ఆగదు,
జట్టులో ఇంకొకరు బోర్లా పడుకుని
తన్నేదాకా వేలితో పట్టుకోవాలి.

తన్నేది రన్‌వా.
పట్టుకున్నది బైంతా.
మొన్నమొన్నటి దాకా పెనాల్టీలు బైంతావే.
ఆగస్టులో వరసగా రెండు పోగొడితే
కోచ్ తీసి రన్‌వాకిచ్చింది.
మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట ఆ పిల్ల.

నేను చూళ్ళేదు, తర్వాత విన్నదే:
తడి పచ్చిక మీద చెంప ఆన్చి,
బంతి నెత్తిన ఒంటి వేలుంచి,
బూటు మొహానికి జానెడు దూరంలోంచి పోతుందని తెలిసీ
కళ్ళు మూసుకోలేదట.

నాకు తెలిసింది ఇంతే.
ఒక్క క్షణం పైన చప్పుడు లేదు.
తర్వాత బంతి, చాలా ఎత్తున,
తెల్లగా, తొందరేమీ లేకుండా
నా నెత్తి మీదుగా వెళ్ళి సముద్రంలో పడింది.

దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
ఒడ్డుకొచ్చేసరికి ఇద్దరూ నిలబడి ఉన్నారు.
బైంతా చూపుడు వేలికి గుడ్డ పీలిక, దాని మీద ఎరుపు.
"తన్నింది నేను, నేనే మోస్తాను" అంది రన్‌వా.
"నేను సరిగ్గా పట్టుకోలేదు."
"పట్టుకున్నావు."
"వేలు కదిలింది."
"కదల్లేదు. నేనే వెనక్కి వాలాను."
అలా తప్పుని ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటూ
మెట్లెక్కి పోయారు.
వాళ్ళ జుట్టునీ సగం మాటల్నీ
ఏదైతే ఎత్తుకుపోతోందో
దాని పేరు ఇద్దరూ ఎత్తలేదు.

పదహారేళ్ళ కిందట నా పెద్ద పడవ
రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది.
అడిగిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పాను.
ఏ మాటో మీకు తెలుసు.
ఆ రాత్రి నేను తాగి ఉన్నాననీ
తాడు ఒక్క ముడే వేశాననీ
ఇంట్లో మనిషికి కూడా చెప్పలేదు.

చీకటి పడింది. చిన్న పడవని పైకి లాగి
రెండు ముళ్ళు వేశాను.
కాస్త నిలబడి, మూడోది కూడా.
ఇంటికెళ్ళి చెప్పాలి.
ఆ పిల్లలకి నేను
పదహారేళ్ళ మేజోళ్ళు బాకీ.